థర్మకోల్ కణం పక్కన పెట్టి చెరువు సీసా: తొమ్మిదో తరగతి ప్రాజెక్టు ఒకటి

భీమవరం చుట్టుపక్కల ఏ హైస్కూల్లోనైనా జీవశాస్త్రం ప్రాజెక్టులు దాచే బీరువా తెరిచి చూడండి. సగానికి సగం థర్మకోల్‌తో చేసిన జీవకణం నమూనాలే ఉంటాయి. మధ్యలో ఎర్ర బంతి కేంద్రకం, పక్కన ఆకుపచ్చ రంగేసిన గోళీలు హరితరేణువులు, గుండుసూదికి గుచ్చిన చీటీల మీద పేర్లు. ఫ్యాన్సీ షాపులో సామాను కొంటారు, ఇంట్లో ఇంటర్ చదివే అక్క రంగులేస్తుంది, స్కూలు పరీక్షల్లో ప్రాజెక్టు మార్కులు పడిపోతాయి. పని శుభ్రంగానే ఉంటుంది. కానీ దాన్ని తెచ్చిన పిల్లవాణ్ణి "మొక్క పగలు శ్వాసిస్తుందా?" అని అడిగితే, "లేదండి, పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ" అంటాడు. నిజానికి మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఎక్కడా అలా లేదు. అయినా ఏటా తొమ్మిదో తరగతిలోనూ పదో తరగతిలోనూ ఇదే జవాబు వస్తుంది. థర్మకోల్ బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఈ అపోహను కదపలేదు. ఎందుకంటే ఆ బొమ్మ చేసేటప్పుడు పిల్లవాడు అనుకున్నది తప్పని తేలే అవకాశమే లేదు.

ప్రాజెక్టు గురించి నా అభిప్రాయం అంతా ఇక్కడే ఉంది. పిల్లలు అనుకున్నదానికి ఎదురు చెప్పగలిగేదే ప్రాజెక్టు, మిగతాదంతా క్రాఫ్టు పీరియడు. ఈ మాట పట్టుకుని మా స్కూల్లో ఒక తొమ్మిదో తరగతి బృందంతో చేపల చెరువు మీద ఏం చేశామో, ఏం తేలిందో, ఏది తేలలేదో ఇక్కడ రాస్తున్నాను. చేపల చెరువే కానక్కర్లేదు. పచ్చబడిన నీళ్లు నిలిచిన ఊరచెరువైనా, స్కూలు వెనక సిమెంటు తొట్టి అయినా సరిపోతుంది.

చెరువు ఎందుకు

మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆక్వా పని ఉంది. సొంత చెరువు కాకపోతే కౌలు చెరువు, అదీ కాకపోతే మేత వేసే పని. రాత్రి నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పడం, తెల్లారగట్ల చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే నాన్న పరుగెత్తడం, మబ్బు పట్టిన రోజు ఇంట్లో అందరికీ టెన్షన్. ఇదంతా వాళ్లు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. "ఆక్సిజన్ పడిపోద్దండి" అని ఆరో తరగతి పిల్లాడు కూడా అంటాడు. ఆ ఆక్సిజనూ పాఠంలో ఆక్సిజనూ ఒకటేనన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మొదటి పీరియడులో ఒకే ప్రశ్న వేశాను. ఆక్సిజన్ తెల్లారగట్లే ఎందుకు పడిపోతుంది? ఎక్కువమంది చెప్పిన కారణం, చల్లగా ఉంటుంది కాబట్టి. నిజానికి చల్లని నీళ్లలోనే ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది కాబట్టి ఆ లెక్క తిరగబడుతుంది. తర్వాత వచ్చిన జవాబు, రాత్రంతా చేపలు పీల్చేస్తాయి. ఇది కొంత నిజం. "చేపలే లేని నీళ్లయితే తగ్గదా?" అని అడిగితే క్లాసు రెండుగా చీలింది. తగ్గదన్నవాళ్లే ఎక్కువ. ఆ చీలికనే ప్రాజెక్టు చేశాం.

ముందు కణం

సీసాల దగ్గరికి వెళ్లేముందు నీళ్లలో ఉన్నదేమిటో చూడాలి. కణం పాఠం అనగానే ఉల్లిపొర తీస్తాం. ఉల్లిపొర మంచిదే, కేంద్రకం, కణకవచం చక్కగా కనపడతాయి. కానీ అందులో హరితరేణువులు ఉండవు. మొక్క కణం అంటే ఉల్లిపొర చూపించి, బొమ్మలో మాత్రం ఆకుపచ్చ గోళీలు పెట్టమంటాం. రెంటికీ పొంతన లేదు. అందుకని మేం కాలువలో దొరికే హైడ్రిల్లా తీసుకున్నాం. ఊళ్లో దాన్ని కూడా నాచు అనే అంటారు. దాని ఆకు మందం రెండు వరుసల కణాలంతే. పొర తీయక్కర్లేదు, రంగు వేయక్కర్లేదు. కొమ్మ చివర లేత ఆకు ఒకటి గిల్లి, అదే నీటి చుక్కలో పెట్టి, కవర్ స్లిప్ వేస్తే చాలు.

హైడ్రిల్లాలో అసలు విశేషం హరితరేణువులు కదలడం. కొమ్మను కాసేపు వెలుతురులో, గోరువెచ్చని నీళ్లలో ఉంచి, నడిమి ఈనె దగ్గరి కణాలు చూడాలి. మొదట ఏమీ కదలదు. ఓపిగ్గా ఒకే కణం మీద చూపు నిలిపితే పచ్చటి గింజలు కణకవచం వెంబడి ఒకే దిక్కుగా వరస కట్టి తిరుగుతుంటాయి. కణద్రవ్యం ప్రవహిస్తుంటే అవి దానితోపాటు కొట్టుకుపోతున్నాయన్నమాట. సూక్ష్మదర్శిని దగ్గర క్యూలో తోసుకోవడం నేను అరుదుగా చూస్తాను, ఆ రోజు చూశాను. "ఇది బతికే ఉందా మాస్టారండీ?" అని ఒకమ్మాయి అడిగింది. కణం పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తెలీదు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి గీసినవి ఖాళీ గోడలే, బతికున్న కణాలు కావు. మన థర్మకోల్ బొమ్మ ఇంకా ఆ కాలంలోనే ఉంది.

కొలత కూడా వేయించాను. లెక్కలంటే భయపడే పిల్లలకు ఇది ఇష్టంగా ఉంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును తక్కువ పవర్ కింద పెడితే సూక్ష్మదర్శినిలో కనిపించే వెలుతురు వలయంలో ఎన్ని మిల్లీమీటర్లు పడుతున్నాయో నేరుగా చదవొచ్చు. 4 ఎక్స్ కటకం కింద నాలుగున్నర మిల్లీమీటర్లు పడితే 10 ఎక్స్ కింద 1.8 పడతాయి. ఆ వలయం అడ్డంగా ఎన్ని కణాలు పట్టాయో లెక్కపెట్టి భాగిస్తే ఒక్కో కణం పొడవు వచ్చేస్తుంది. బొమ్మ పక్కన "పెద్దది", "చిన్నది" అని రాసే అలవాటు దీంతో పోయింది.

తర్వాత చెరువు నీటి చుక్క. ఆకుపచ్చ చెరువులో పచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుందో చాలామంది పిల్లలకు తెలీదు, పాచి రంగు కరిగి వచ్చిందనుకుంటారు. చుక్కలో ఒంటరి గుండ్రటి కణాలు, నాలుగేసి కలిసి ఉన్న సీనెడెస్మస్ అనే ఆకుపచ్చ శైవలం గుంపులు, గిరగిర తిరిగే యూగ్లీనా కనిపించాయి. గట్టు వార పెయింటు ఒలకబోసినట్టున్న తెట్టు తీసి చూస్తే మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా. జిగురులో పొదిగిన చుక్కల ముద్ద. ఇక్కడ కాసేపు ఆగాం. ఎందుకంటే దాని కణంలో కేంద్రకం లేదు, హరితరేణువూ లేదు. అయినా పత్రహరితం ఉంది, కిరణజన్య సంయోగక్రియ చేస్తుంది. హరితరేణువు లేకపోతే ఆ క్రియ జరగదని రాసుకున్న పిల్లలు అక్కడ "మొక్కల్లో" అనే మాట చేర్చుకున్నారు. ఆ ఒక్క మాట కోసమే గంట పోయినా నష్టం లేదు.

సీసాలు

పద్ధతి మాది కాదు, పాతది. 1927లో గార్డర్, గ్రాన్ అనే ఇద్దరు నార్వే శాస్త్రవేత్తలు ఓస్లో దగ్గరి సముద్రపు నీళ్లలో ఎంత ఉత్పత్తి జరుగుతుందో కొలవడానికి వాడినది. ఒకే చోట, ఒకేసారి తీసిన నీళ్లను మూడు గాజు సీసాల్లో నింపాలి. మొదటిదాన్ని అప్పటికప్పుడే పరీక్షించాలి, అది ప్రారంభ విలువ. రెండోది తెల్ల సీసా, వెలుతురు తగులుతుంది. మూడోదానికి వెలుతురు చొరకుండా అల్యూమినియం ఫాయిల్ రెండు మూడు పొరలు చుట్టాలి. రెండూ కలిపి నీళ్లలో వేలాడదీసి, కొన్ని గంటల తర్వాత తీసి కొలవాలి. తెల్ల సీసాలో పెరిగినది, ఫాయిల్ సీసాలో తగ్గినది కలిపితే ఆ నీటిలో తయారైన మొత్తం ఆక్సిజన్.

సీసాలు వేలాడదీయడానికి కొత్తగా ఏమీ కట్టక్కర్లేకపోయింది. మా వైపు బొచ్చె, శీలావతి చేపల చెరువుల్లో తవుడు నింపిన చిల్లుల సంచులను చెరువులో పాతిన కర్రలకు కడతారు. ఆ కర్రల్లో ఒకదానికి మేత వేసే ఆయన పడవ మీద వెళ్లి సీసాలు కట్టారు. పిల్లలు గట్టు దిగలేదు. చేపల చెరువులు లోతు, గట్టు జారుతుంది. ఈ నియమం దగ్గర నేను ఎవరు బతిమాలినా వినను.

చిన్న విషయాలే కొలతను పాడు చేస్తాయి. సీసాను నీళ్లలో పూర్తిగా ముంచి, బుడగ మిగలకుండా, నీళ్లలోనే మూత బిగించాలి. లోపల గాలి బుడగ ఉంటే మనం కొలిచేది ఆ గాలినే. ఎండ బాగా ఉన్న రోజున తెల్ల సీసాను సాయంత్రం దాకా ఉంచకూడదు. ఆక్సిజన్ నీళ్లలో పట్టలేక బుడగలుగా విడిపోతుంది, మూత తీయగానే పారిపోతుంది, అసలుకంటే తక్కువ చూపిస్తుంది. మేం ఉదయం తొమ్మిదికి కట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి తీయించాం.

కొలవడానికి ఆక్వా మందుల షాపులో అమ్మే కిట్ వాడాం. మీటరు ఉంటే సుఖమే, కానీ కిట్‌లో పాఠం ఎక్కువ. మొదటి రెండు మందులు గట్టు మీదే వేసేస్తే ఆక్సిజన్ గోధుమరంగు మడ్డిగా బిగుసుకుంటుంది. ఇక తీరిగ్గా స్కూలుకి తెచ్చి చూసుకోవచ్చు. ఆమ్లం వేయడం మాత్రం నా పని. అది వేయగానే ఆ మడ్డి కరిగి, ఆక్సిజన్ ఎంత ఉంటే అంతకు తగ్గట్టు అయోడిన్ విడుదలవుతుంది. చివర్లో పిండి ద్రావణం వేస్తే నీలం, కిట్‌లోని చివరి మందు ఒక్కో చుక్కా లెక్కపెట్టి వేస్తూ పోతే ఎక్కడో ఒకచోట రంగు పోతుంది. ఆకును స్పిరిట్లో ఉడికించి అయోడిన్ వేసినప్పుడు చూసిన నీలమే ఇది. అక్కడ అయోడిన్‌తో పిండిని పట్టుకున్నాం, ఇక్కడ పిండితో అయోడిన్‌ను పట్టుకుంటున్నాం. ఈ పోలిక నేను చెప్పలేదు, వెనక బెంచీ కుర్రాడు అన్నాడు.

మూడడుగుల లోతు సీసా

ఫలితాలు రాగానే మొదట అందరూ సంతోషించారు. ప్రారంభంలో లీటరుకు 5 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉన్నది, జానెడు లోతున కట్టిన తెల్ల సీసాలో 9 దాటింది. ఫాయిల్ సీసాలో 4కి పడింది. మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన సూర్యుడు, సీసాలో చేప లేదు, అయినా ఆక్సిజన్ తగ్గింది. "మరి ఎవరు పీల్చారు?" అన్న ప్రశ్న వాళ్లలో వాళ్లే వేసుకున్నారు.

"గాలిలోంచి కలిసి ఉంటుందేమో" అని తెల్ల సీసా మీద అనుమానం కూడా వచ్చింది. మంచి అనుమానం. మూత ఉంది కాబట్టి సీసాకి అది వర్తించదు. కానీ చెరువు మాటేమిటి? 30 డిగ్రీల వేడి ఉన్న మంచినీళ్లు గాలి నుంచి తీసుకోగలిగేది లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం చెరువు పైనీళ్లలో అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఆ అదనం గాలి ఇచ్చింది కాదు, లోపల తయారైంది. ఆ నీటి నుంచి ఆక్సిజన్ పైకి, గాలిలోకి పోతూ ఉంటుంది. చెరువు గాలికి ఆక్సిజన్ ఇస్తుందన్న మాట పిల్లలకు బాగా ఎక్కింది.

గొడవంతా ఇంకో సీసాతో వచ్చింది. ఒక బృందం తెల్ల సీసానే మూడడుగుల లోతున కట్టించింది. పెరగాల్సింది పోయి, ప్రారంభం కంటే కొంచెం తక్కువ చూపించింది. తెల్ల సీసా, పగటి పూట, ఆక్సిజన్ తగ్గింది. పిల్లలు అనుకున్న ప్రకారం ఇది రాకూడదు. ఆ బృందం నాయకురాలు నోట్‌బుక్‌లో ఆ గడి ఖాళీగా వదిలేసి వచ్చింది. సీసాలు తారుమారయ్యాయేమోనని ఒకరు, మందు తప్పు వేశామని ఒకరు. చివరికి "పైన సీసా విలువే వేసేద్దామా మాస్టారూ?" అన్నారు.

నేను కారణం చెప్పలేదు, గడి నింపమన్నాను, మళ్లీ కట్టమన్నాను. మళ్లీ అంతే వచ్చింది. అప్పుడు స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని తెలుపు, నలుపు రంగులు వేసి, మధ్యలో తాడు కట్టి నీళ్లలోకి దింపించాను. 1865లో సెక్కి అనే ఇటలీ శాస్త్రవేత్త సముద్రంలో వాడిన పళ్లెం లాంటిదే, మా ఆక్వా టెక్నీషియన్లూ వాడతారు. అడుగు లోతుకే పళ్లెం కనపడకుండా పోయింది. ఇంత చిక్కటి పచ్చ నీళ్లలో వెలుతురు పైనే ఖర్చయిపోతుంది. పళ్లెం మాయమైన లోతుకు రెండింతలు దాటితే అక్కడి కణాలకు అందే వెలుతురు వాటి శ్వాసక్రియకు సరిపడా ఆక్సిజన్ చేయడానికి కూడా చాలదని ఆక్వాలో మోటు లెక్క ఒకటుంది. మూడడుగుల లోతు ఆ గీత కిందే పడింది.

అక్కడితో పాఠం మారిపోయింది. పగలు, రాత్రి అనే విభజన పోయి, చేసేదెంత, వాడేదెంత అనే లెక్క వచ్చింది. శ్వాసక్రియ ఎప్పుడూ ఆగదు. వెలుతురు బాగా ఉన్నచోట తయారీ దాన్ని మించిపోతుంది కాబట్టి మనకు పెరుగుదల ఒక్కటే కనపడుతుంది. ఇంట్లో పది రూపాయలు వచ్చి నాలుగు ఖర్చయితే ఆరు మిగిలాయంటాం, ఖర్చు లేదని అనం. చెరువు రైతు పిల్లలకు ఇది చెప్పాల్సిన పని కూడా పెద్దగా లేదు.

హైడ్రిల్లాతో ఒక మెలిక

ఫాయిల్ సీసాలో ఒక లొసుగుంది. చెరువు నీళ్లలో ఆకుపచ్చ కణాలతో పాటు బ్యాక్టీరియా, కంటికి కనపడని చిన్న జంతువులూ ఉంటాయి. ఆక్సిజన్ వాడింది అవే, మొక్కలు కావు అని ఎవరైనా వాదించొచ్చు. ఒకబ్బాయి వాదించాడు కూడా. అందుకని శుభ్రమైన తాగునీళ్లు రెండు సీసాల్లో నింపి, రెండింటికీ ఫాయిల్ చుట్టి, ఒకదానిలో మాత్రం బాగా కడిగిన హైడ్రిల్లా కొమ్మ పెట్టాం. మొక్క లేని సీసాలో విలువ ఇంచుమించు అలాగే ఉంది, మొక్క ఉన్నదానిలో తగ్గింది. కడిగినా ఆకుల మీద బ్యాక్టీరియా కొంత మిగులుతుంది కాబట్టి ఇది నూటికి నూరు పాళ్లు రుజువని నేను అనను. తొమ్మిదో తరగతికి చాలు.

ఒక పక్క మాట. 1779లో ఇంగెన్‌హౌస్ అనే డచ్ వైద్యుడు ఇంగ్లండులో ఆకులను నీళ్లలో ముంచి ఎండలోనూ నీడలోనూ పెట్టి చూశాడు. ఎండలోనే బుడగలు వస్తాయని, చీకట్లో మొక్కలే గాలిని పాడు చేస్తాయని రాశాడు. మన పిల్లలకు సగం అపోహ రావడానికి ఆ రెండో వాక్యాన్ని మనం చెప్పే తీరే కారణమని నా అనుమానం. "చీకట్లో" అన్నది మనం చెప్పేటప్పటికి "చీకట్లోనే" అయిపోతోంది.

గరాటు, పుల్ల, రాతలు

ఇదే బృందంతో హైడ్రిల్లా, గరాటు, పరీక్షనాళిక ప్రయోగం కూడా చేయించాను. నీళ్లలో మొక్క మీద గరాటు బోర్లించి, దాని పైన నీళ్లు నింపిన నాళికలో బుడగలు పట్టేది. అందరికీ తెలిసిందే కాబట్టి ఇంతకంటే వివరం రాయను. రెండు సంగతులు మాత్రం చెప్పాలి. ఒకటి, మొక్క లేకుండా ఇంకో గరాటు పక్కన పెట్టండి. ఎండకు నీళ్లు వేడెక్కితే కరిగి ఉన్న గాలి కూడా బుడగలై వస్తుంది, దాన్నీ మొక్క ఖాతాలో రాసేస్తారు. రెండోది, నిప్పు ఉన్న పుల్ల. నాళికలో ఆక్సిజన్ ఉంటే అది భగ్గున వెలగాలని పుస్తకం. నాళికలో చేరేది స్వచ్ఛమైన ఆక్సిజన్ కాదు, నీళ్లలోని నత్రజని కూడా కలుస్తుంది, పైగా పోగయ్యేది కొంచెమే. అందుకని పుల్ల చాలాసార్లు వెలగదు. మా దగ్గరా వెలగలేదు, అందరూ చూశారు. అయినా మర్నాడు వచ్చిన రికార్డుల్లో చాలావాటిలో "పుల్ల ప్రకాశవంతంగా మండింది" అని ఉంది.

ఇది పిల్లల తప్పు అని నేననుకోను. ఏళ్ల తరబడి పుస్తకంలో ఉన్న ఫలితానికే మార్కులు వేస్తూ వచ్చాం. కాబట్టి ఈ ప్రాజెక్టుకి మార్కులు వేసే తీరు మార్చాను. రఫ్ నోట్‌బుక్కే అసలు రికార్డు, ఫెయిర్ కాపీ లేదు. వైటనర్ వాడకూడదు, కొట్టివేత ఉంటే పక్కన కారణం రాయాలి. ఊహించింది ముందే రాసి సంతకం పెట్టాలి, వచ్చింది తర్వాత రాయాలి. రెండూ కలవకపోతే మార్కు పోదు, కలవని చోట ఏం చేశారో రాస్తే మార్కు వస్తుంది. మూడడుగుల సీసా బృందానికి ఎక్కువ మార్కులు పడ్డాయి. చార్టు బాగా గీసిన బృందం ఒకటి అలిగింది, వాళ్ల తల్లిదండ్రుల్లో ఒకరు వచ్చి అడిగారు కూడా. నోట్‌బుక్ చూపించాను.

పరీక్షలో ఈ అపోహ మీద ప్రశ్న ఇస్తే సీసాల పని చేసిన పిల్లల్లో చాలామంది సరిగ్గా రాశారు. మిగతా క్లాసులో కొందరు "పగలు కిరణజన్య సంయోగక్రియ" దగ్గరే ఆగిపోయారు. సీసాలు పట్టుకోని పిల్లలకు నేను నోటితో చెప్పినది అంతగా అంటలేదన్నమాట. వచ్చే ఏడు అందరినీ గట్టు మీదికి తీసుకెళ్లడం కుదరదు కాబట్టి, స్కూలు తొట్టిలో పచ్చనీళ్లు పెంచి ప్రతి బృందానికీ ఒక జత సీసాలు ఇవ్వాలని ఉంది.

సైన్స్ ఫెయిర్ సంగతి కూడా రాయాలి. స్టాల్లో మా బల్ల మీద నాలుగు సీసాలు, ఒక పళ్లెం, మాసిన నోట్‌బుక్కులు. పక్క బల్ల మీద లైట్లు వెలిగే కణం నమూనా. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎటు వెళ్లారో చెప్పక్కర్లేదు. అయితే చెరువులున్న ఇద్దరు ముగ్గురు పెద్దలు మా బల్ల దగ్గరే నిలబడిపోయి, మూడడుగుల లోతు విలువను పిల్లలతో రెండుసార్లు చెప్పించుకున్నారు. తమ చెరువు అడుగున ఎంత ఉంటుందో కొలిచిపెడతారా అని ఒకాయన అడిగారు.

మిగిలిపోయిన పని ముసురు రోజుది. మబ్బు పట్టిన రోజు ఆక్సిజన్ ఎంత తక్కువ తయారవుతుందో అంకెలతో చూడాలని పిల్లల కోరిక, ఎందుకంటే ఇంట్లో భయపడేది ఆ రోజుకే. మేం మొదలుపెట్టేసరికి వానలు తగ్గిపోయాయి, ఎండలే దొరికాయి. ఈసారి జూలైలోనే మొదలుపెడతాం. కిట్ ముందే కొనిపెట్టాలి. కొనేటప్పుడు మందుల మీద ఎక్స్‌పైరీ తేదీ చూసుకోవాలి, పాతబడిన మందుతో వచ్చే అంకెలను నమ్మలేం. ముసురు పట్టిన రోజు చెరువు దగ్గరికి పిల్లల్ని పంపడానికి ఇంట్లో వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఆ రోజు సీసాలు మేత పడవ ఆయన కట్టి, తీసి, మొదటి రెండు మందులూ వేసి స్కూలుకి పంపేలా ఇప్పటికే మాట్లాడుకున్నాం.